స్నాతకోత్సవపు తివాచీ

పోయిన వారం పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టి, పొంగేలోపు ఫోను చూద్దామని చేతిలోకి తీసుకున్నాను. మా యూనివర్సిటీ రిటైర్డు ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులో ఒక రంగురంగుల ఆహ్వానం వచ్చి ఉంది. ఒకప్పుడు మాకు స్టోర్సు ఆఫీసరుగా ఉండి, మెట్టు మెట్టు ఎక్కి, పెద్ద కుర్చీలో కూర్చుని రిటైరైన పెద్దమనిషికి ఎనభై ఏళ్ళు నిండాయట, సహస్ర చంద్ర దర్శనం చేస్తున్నారట, ఆ 'మచ్చలేని సేవామూర్తి'ని అభినందించడానికి అందరూ కుటుంబ సమేతంగా రావాలట. దాని కింద ఒకరి తరువాత ఒకరు దండాలు, పూలగుత్తులు, దీపాలు. మచ్చలేని అన్న మాట దగ్గరే నా చూపు ఆగిపోయింది, పాలు పొంగి పొయ్యంతా పాడైంది. చదివే మీలో చాలామంది నా వయసువాళ్ళే అయి ఉంటారు, ఈ వయసులో పగలేమిటమ్మా, మరిచిపోవాలి అంటారు. దయచేసి నాకు మాత్రం ఆ మాట చెప్పకండి, మా అమ్మ నాకిచ్చిన ఆస్తి ఆ పగ ఒక్కటే, దాన్ని నేను భద్రంగానే ఉంచుకున్నాను.

మాది లాల్‌దర్వాజా దగ్గర ఒక ఇరుకు గల్లీ, ఇప్పటికీ అక్కడే ఉంటున్నాను. మా బాపు యూనివర్సిటీ స్టోర్సులో అటెండరు. రోజూ పొద్దున సద్ది గిన్నె సంచిలో వేసుకుని, చార్మినార్ దగ్గర గాజుల దుకాణాలు ఇంకా షట్టర్లు ఎత్తకముందే దాటుకుని, నయాపూల్ మీదుగా అఫ్జల్‌గంజ్ దాకా నడిచి, అక్కడ బస్సెక్కేవాడు. స్టోర్సు అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, యూనివర్సిటీ కొన్న కుర్చీ గానీ బీరువా గానీ ప్రయోగశాల సామాను గానీ మొట్టమొదట దిగేది అక్కడే, విరిగి మూలపడ్డాక వేలానికి వెళ్ళేదీ అక్కడినుంచే. ఈ రెండింటి మధ్య ఆ వస్తువు ఎక్కడ తిరిగినా దాని ఒంటి మీద ఒక నంబరు ఉండాలి. రేకులో కోసిన అచ్చు పెట్టి, తెల్ల రంగు అద్ది, ప్రతి కుర్చీ అడుగునా ప్రతి బల్ల పక్కనా ఆ నంబరు వేసేది మా బాపే. ఆయన గోళ్ళ సందుల్లో తెల్ల రంగు ఎప్పుడూ పూర్తిగా పోయేది కాదు, దగ్గరకు వస్తే టర్పెంటైను వాసన వచ్చేది. అలవాటు ఎంత ముదిరిందంటే ఇంట్లో పీటల మీద, బియ్యం డబ్బా మూత మీద, చివరికి రోలు పక్కన కూడా నంబర్లు వేశాడు, అమ్మ కోపంగా, "నా నెత్తి మీద గూడ ఒకటెయ్యి, తప్పిపోకుండ ఉంట" అనేది.

ఆయన నడుముకు ఒక పెద్ద తాళాల గుత్తి ఉండేది. ఆదివారం నాడు కూడా దాన్ని ఇంట్లో మేకుకు తగిలించి మధ్యమధ్యలో తడిమి చూసుకునేవాడు. గల్లీలో పిల్లలందరం ఆ చప్పుడు వింటేనే సాయంత్రం అయిందని అనుకునేవాళ్ళం. మా చుట్టాలలో ఎవరికీ అంత పెద్ద గుత్తి లేదు, పెళ్ళిళ్ళకు వెళ్ళినప్పుడు కూడా బాపు దాన్ని నడుముకే ఉంచుకునేవాడు, అమ్మ తిట్టినా తీసేవాడు కాదు. నాకైతే ఆ గుత్తి ఉన్నంతకాలం మా బాపు యూనివర్సిటీకి యజమాని అన్నట్టే ఉండేది.

ఆ రోజుల్లో స్టోర్సులో ఒక పద్ధతి ఉండేది. పద్ధతి అనకూడదు, దురలవాటు అనాలి, కానీ అందరూ అదే పద్ధతి అనుకున్నారు. పెద్ద ఆఫీసర్ల ఇళ్ళల్లో శుభకార్యం అయితే కుర్చీలు, జంపఖానాలు, పెద్ద పెద్ద గిన్నెలు స్టోర్సు నుంచే వెళ్ళేవి. అడిగేది నోటి మాటతో, ఇచ్చేది నోటి మాటతో. కాగితం మాట ఎత్తితే చిట్టీ తరవాత రాసిస్తాలే అనేవారు. ఆ చిట్టీ ఎప్పుడూ వచ్చేది కాదు, సామాను మాత్రం తిరిగి వచ్చేది కాబట్టి ఎవరూ పట్టించుకునేవారు కాదు. నమ్మకం అనేది ఒక గొప్ప గుణమని మనకు చిన్నప్పుడు నేర్పారు గానీ, ఆ నమ్మకం ఎప్పుడూ కింది నుంచి పైకే పోతుందని, పై నుంచి కిందికి రాదని ఎవరూ చెప్పలేదు.

ఆ ఆఫీసరు గారి పెద్దమ్మాయి పెళ్ళికి అన్నీ వెళ్ళాయి. వాటితోపాటు తివాచీ కూడా వెళ్ళింది. తివాచీ అంటే మామూలుది కాదు, ఏడాదికొకసారి స్నాతకోత్సవం నాడు మాత్రమే వేదిక మెట్ల నుంచి హాలు గుమ్మం దాకా పరిచే ఎర్ర తివాచీ. మిగతా రోజులంతా బాపు దాన్ని వేపాకు వేసి చుట్టి, పైన పాత దుప్పటి కప్పి, ఎలుకలు రాకుండా బల్ల మీద పడుకోబెట్టేవాడు. అది బయటికి పోవడం బాపుకు ఇష్టం లేదు, ఆ మాట ఆఫీసరుతో అన్నాడు కూడా. "నా బిడ్డ పెళ్ళికన్నా కాన్వొకేషన్ ఎక్కువా?" అని ఆయన నవ్వాడట, ఆ నవ్వుకు బాపు తాళం తీశాడట. కుర్చీలు వచ్చాయి, జంపఖానాలు వచ్చాయి, గిన్నెలు వచ్చాయి, తివాచీ రాలేదు. బాపు అడిగినప్పుడల్లా ఉతకడానికి ఇచ్చామనో, వియ్యాలవారింట్లో ఉందనో చెబుతూ వచ్చాడు ఆ పెద్దమనిషి.

స్నాతకోత్సవం దగ్గరపడింది. గవర్నరు వచ్చే రోజు, హాలు నిండా పూలు, మెట్ల మీద తివాచీ లేదు. ఎవరో పరుగెత్తి బజారు నుంచి అద్దె తివాచీ తెచ్చి పరిచారు, అది మధ్యలో మడతపడి ఒక పెద్దాయన తూలబోయాడు. మర్నాడు విచారణ. ఆఫీసరు గారు ఏమన్నారంటే, స్టోర్సు తాళాలు అటెండరు దగ్గర ఉంటాయి, నాకేమీ తెలియదు అన్నారు. బాపు, "సారే పెండ్లికి తీస్కపోయిండు" అన్నాడు. కాగితం ఏది అని అడిగారు. కాగితం లేదు. పైగా తనను నమ్మిన ఆఫీసరు మీద నింద వేస్తున్నాడని ఇంకో తప్పు కూడా జత చేశారు.

తాళాలు ఒక గదిలోకి పిలిచి తీసుకోలేదు. స్టోర్సు వరండాలో, మాలి, డ్రైవరు, ఊడ్చే ముసలమ్మ, చాయ్ పోసే భాయ్, గుమాస్తాలు, పని మీద వచ్చిన పిల్లలు, అందరూ చూస్తుండగా ఆ ఆఫీసరే చేయి చాపి గుత్తి అడిగాడు. బాపు విప్పడం ఆలస్యం చేస్తే తనే నడుము మీది నుంచి గుంజుకున్నాడు. ఆ గుంజుడులో బాపు ధోవతి జారింది, ఎవరో నవ్వారు. ఇది బాపు మాకు చెప్పలేదు, చాయ్ పోసే భాయ్ ఇంటిదాకా వచ్చి, "బహుత్ గలత్ కియే సాబ్", సాబు చాలా తప్పు చేశాడు అని కళ్ళు తుడుచుకుంటూ అమ్మకు చెప్పాడు. ఆ రోజు అమ్మ మొహం ఎట్లా ఉందో నాకు ఇప్పటికీ గుర్తు.

కొన్నాళ్ళు సస్పెండులో పెట్టి, తరవాత హాస్టలు తోటలో నీళ్ళు పట్టే పనిలో వేశారు, అక్కడినుంచే రిటైరయ్యాడు. దొంగ అని ఎవరూ ఆయన మొహం మీద అనలేదు, కానీ ఆయన వస్తే మాటలు ఆగేవి. బాపు మాట తగ్గించేశాడు. అమ్మ మాత్రం తగ్గించలేదు. రోట్లో పచ్చడి నూరుతూ ఒక్కో దెబ్బకు ఒక్కో శాపం పెట్టేది, వాడి కుర్చీ విరగ, వాడి నోట్ల పుండు పుట్ట అని. మా ఇంట్లో అల్లం పచ్చడి అంత మెత్తగా రావడానికి కారణం ఆ పెద్దమనిషే.

నేను టైపు నేర్చుకున్నాను, పరీక్ష రాశాను, అదే యూనివర్సిటీలో జూనియర్ అసిస్టెంటునయ్యాను. మంచి మంచి సెక్షన్లు ఉన్నా, దుమ్ము, బొద్దింకలు, ఆడిటు తిట్లు తప్ప ఏమీ దొరకని స్టోర్సును కోరి వేయించుకున్నాను. తోటివాళ్ళకు పిచ్చిదానిలా కనిపించాను. ఏళ్ళు గడిచేకొద్దీ అసిస్టెంటునయ్యాను, సూపరింటెండెంటునయ్యాను. ఆ ఆఫీసరు ఈలోపు చాలా పైకి వెళ్ళాడు. తివాచీ గొడవ తరువాత తాను చాలా కఠినుడినని చూపించుకోవడానికి ఒక ఉత్తరువు కూడా జారీ చేశాడు, ఎవరికి ఏ నంబరు వస్తువు ఇచ్చారో అదే నంబరు వస్తువు తిరిగి తీసుకోవాలి, వేరేది పనికిరాదు అని. కారిడార్లో ఎదురైతే నేను నమస్కారం పెట్టేదాన్ని, ఆయన తలూపేవాడు. ఎవరి బిడ్డవని ఒక్కనాడూ అడగలేదు. నేను ఎవరో తెలిసి మొహం తిప్పుకున్నా కొంత ఓర్చుకునేదాన్నేమో, అసలు గుర్తే లేకపోవడం నా కడుపులో మంటను ఆరనివ్వలేదు.

చివరికి ఆయన రిటైరయ్యే ఏడు వచ్చింది. ఉద్యోగం చేసినవాళ్ళకు తెలుసు, పింఛను కాగితం కదలాలంటే అన్ని సెక్షన్లూ 'నో డ్యూస్' సంతకం చేయాలి, అంటే మీ దగ్గర మా వస్తువేదీ లేదని రాసివ్వాలి. అన్నిటికన్నా చివర సంతకం స్టోర్సుది. మామూలుగా మేము పెద్ద మనసు చేసుకునేవాళ్ళం. సర్వీసంతా సామాను గది నుంచి గదికి, ఇంటి నుంచి ఇంటికి మారుతూనే ఉంటుంది కాబట్టి ఎవరి దగ్గరా మొదట ఇచ్చిన నంబరు దొరకదు, కుర్చీకి కుర్చీ లెక్క పెట్టుకుని సంతకం పెట్టేసేవాళ్ళం. ఆయన కూడా అలాగే కుర్చీలు, బల్లలు ఒక లారీలో పంపించి, కబురు చేశాడు. నేను వాటిని ఒక్కొక్కటీ తిప్పి చూసి, నంబర్లు కలవలేదని తిరిగి పంపించాను. "ఏమ్మా, ఏమిటిది?" అని ఆయనే దిగి వచ్చాడు. ఆయన ఉత్తరువునే ఆయన ముందు పెట్టి, మీరు రాసిందే సార్ అన్నాను. ఆ క్షణంలో ఆయన మొహం చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం నా పెళ్ళిలో కూడా కలగలేదని చెప్పడానికి నేనేమీ సిగ్గుపడను.

ఇక మొదలైంది. పెద్ద ఆఫీసరు, టై కట్టుకునే మనిషి, ఒక ప్యూనును వెంటబెట్టుకుని డిపార్టుమెంటు డిపార్టుమెంటుకు తిరిగి, కూర్చున్నవాళ్ళను లేపి, కుర్చీలు తలకిందులు చేసి, అడుగున నంబరు చూసుకోవడం మొదలుపెట్టాడు. వయసు మీదపడ్డ నడుము, వంగితే లేవలేకపోయేవాడు. లైబ్రరీలో పిల్లలు వెనక నుంచి నవ్వేవారట, తోటి ఆఫీసర్లు ఫోను మోగినట్టు నటించి తప్పుకునేవారట. మా స్టోర్సు కిటికీ నుంచి ఎదురుగా లెక్చరు హాళ్ళు కనిపించేవి, నేను చాయ్ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడేదాన్ని. ఒక బల్ల కెమిస్ట్రీలో దొరికింది, ఒక బీరువా హాస్టలు వంటింట్లో బియ్యం నింపుకుని కనిపించింది. ఎక్కడా దొరకనిది ఒక టేకు వాలు కుర్చీ. పైవాళ్ళ దగ్గరికి కూడా పోయి చూశాడు, ఆడిటు భయానికి ఎవరూ వేలు పెట్టలేదు. ఆయనకు మూడు చెరువుల నీళ్ళు తాగించాను, ఇంకా చెరువులు ఉంటే అవీ తాగించేదాన్ని.

అప్పుడు ఎవరో ఆయన చెవిలో వేశారు, ఆమె ఫలానా అటెండరు బిడ్డ అని. ఒక సాయంత్రం మా గల్లీలోకి కారు పట్టక షాలిబండ రోడ్డు మీద ఆపుకుని, మురికి నీళ్ళు దాటుకుంటూ మా ఇంటికి వచ్చాడు. అమ్మ అప్పటికే లేదు. బాపు గుమ్మంలో నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు, ఆయన్ని చూడగానే లేచి నిలబడ్డాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "సార్ వచ్చిండు, చాయ్ పెట్టు బిడ్డా" అన్నాడు. పెట్టాను, చక్కెర వేయకుండా.

ఆయన కాసేపు అటూ ఇటూ మాట్లాడి, "అమ్మాయికి కాస్త చెప్పవయ్యా, చిన్న కుర్చీ కోసం నా పింఛను ఆపింది" అన్నాడు. బాపు తలూపుతూ అంతా విన్నాడు. తరువాత, "పెద్దమ్మాయి మంచిగున్నదా సార్?" అని అడిగాడు. బాగుందని ఆయన అన్నాడు. "కార్పెట్ ఏమైంది సార్?" అన్నాడు బాపు, అదే గొంతుతో.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. పెళ్ళినాడు వంటవాళ్ళు నిప్పులు ఒలకబోశారని, మధ్యలో పెద్ద కన్నం పడిందని, అప్పుడే తన ప్రమోషను కాగితాలు కదులుతున్నాయని, ఏం చేయాలో తోచక ముక్కలు చేసి పారేయించానని, గొణుక్కుంటున్నట్టు చెప్పాడు. "తప్పే జరిగింది" అన్నాడు, తానే చేసినట్టు కాదు, దానంతటదే జరిగినట్టు. ఇక బాపు కరిగిపోయి, సంతకం పెట్టు బిడ్డా అంటాడని నేను భయపడ్డాను. మా బాపును నేను తక్కువ అంచనా వేశాను.

"నాకు ఎరుకనే సార్" అన్నాడు. "నాకు చెప్పుడెందుకు? నా తాళాలు గుంజుకున్న కాడ చెప్పుండ్రి. అందరి ముందట. నేనొస్త."

"అంత అవసరమా?" అన్నాడు ఆయన.

"గప్పుడు నాకు అంత అవసరం ఉండెనా సార్?"

వరండాలో ఆ మాట చెబితే కుర్చీ లేకున్నా సంతకం పెడతానని నేను మాటిచ్చాను, ఆయన సరేనని వెళ్ళాడు. ఇన్నేళ్ళూ బాపు మౌనాన్ని మంచితనం అనుకున్నాను. కాదు, ఆయనా నాలాగే ఎదురుచూశాడు, నాకన్నా ఓపికగా. ఆ సాయంత్రం నాకు మా బాపు మీద పుట్టిన ప్రేమ అంతకుముందు ఎన్నడూ పుట్టలేదు.

ఆ ఆఫీసరు ఉద్యోగపు ఆఖరి రోజున బాపును ఆటోలో తీసుకెళ్ళాను. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు, గోళ్ళు తీయించుకున్నాడు, నయాపూల్ దగ్గర ట్రాఫిక్కులో ఆగినప్పుడల్లా ఆలస్యమైతదేమో అని కంగారుపడ్డాడు. రిటైరయ్యాక బాపు ఆ ఆవరణలో కాలు పెట్టడం అదే మొదలు. స్టోర్సు వరండాలో నేను అందరినీ పోగుచేశాను. ఆ పెద్దమనిషి వచ్చి నిలబడి, నేల చూస్తూ, "ఒకప్పుడు పోయిన తివాచీ నేనే మా ఇంటికి తెప్పించుకున్నాను, అందులో ఇతని తప్పేమీ లేదు" అన్నాడు. నేను ఏళ్ళ తరబడి వినాలనుకున్న మాట అంత పొట్టిగా ఉంది.

ఒక నిమిషం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అక్కడున్నదంతా ఏజెన్సీ ద్వారా వచ్చిన కుర్రవాళ్ళు, కిందటేడు చేరిన గుమాస్తాలు, నెలనెలా మారే వాచ్‌మన్లు. వీడ్కోలు సభ అనుకుని ఎవరో దండ కూడా తెచ్చారు. ఒక కొత్త గుమాస్తా అమ్మాయి, అంత పెద్ద ఆఫీసరు ఒక అటెండరు ముందు తప్పు ఒప్పుకున్నాడు, ఎంత గొప్ప మనసు అని చప్పట్లు కొట్టింది. అందరూ కొట్టారు. దండ ఆయన మెడలో పడింది. నేను లోపలికి వెళ్ళి, అన్న మాట ప్రకారం, వాలు కుర్చీ దొరకకపోయినా సంతకం పెట్టి ఇచ్చాను.

తిరుగు దారిలో ఆటో అఫ్జల్‌గంజ్ దాటింది. అప్పుడు బాపు అడగడం మొదలుపెట్టాడు.

"డ్రైవరు రాలేదా?"

"రిటైరై ఊరికి పోయిండు బాపు."

"మాలి?"

"మాలి సచ్చిపోయిండు గద. నువ్వే పోయినవు మట్టికి."

"ఊడ్చే ముసలమ్మ? చాయ్ భాయ్?"

ముసలమ్మ లేదని, భాయ్ దుకాణం తీసేశాక ఎటు పోయాడో తెలియదని చెప్పాను. బాపు మూసీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

"మరి గాయన ఎవలకు చెప్పినట్టు బిడ్డా?"

ఇప్పుడు మా యూనివర్సిటీలో కుర్చీల అడుగున తెల్ల రంగు లేదు, గీతల చీటీ అంటించి ఉంటుంది, దాని ముందు యంత్రం పెడితే కూస్తుంది, ఏ వస్తువు ఎక్కడుందో తెరమీద కనిపిస్తుందట. నోటి మాట మీద జంపఖానా కూడా బయటికి పోదు, అది మంచిదే. మనుషులు మాత్రం ఏడాది ఒప్పందం మీద వచ్చి పోతుంటారు, ఒకరి పేరు ఇంకొకరికి తెలిసేలోపు ఒప్పందం అయిపోతుంది. మా కాలంలో ఒక వరండాలో మనుషులు ఒకరినొకరు ఎంతగా ఎరిగేవారంటే, అక్కడ పోయిన పేరు నిజంగా పోయేది, నిలిచిన పేరు నిజంగా నిలిచేది. మా బాపు పేరు ఎరిగినవాళ్ళందరి ముందు పోయింది, ఆయన్ని అసలు ఎరగనివాళ్ళ ముందు తిరిగి వచ్చింది. ఆ తరువాత ఆయన ఎక్కువ కాలం బతకలేదు, ఆ రోజు సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఉద్యోగంలో నేను పెట్టిన సంతకాలకు లెక్కే లేదు, వాటిలో వెనక్కి తీసుకోవాలని ఇప్పటికీ నా చెయ్యి కొట్టుకునే సంతకం అదొక్కటే.